అడుగు కడగని కుండ

ఆ ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంట్లో ఏడుగురం ఉన్నాం. వసారాలో చిరిగిన వల ముందేసుకుని పేరయ్య మామ. పొయ్యి పక్కన పీట మీద సుబ్బాయమ్మ అత్త. అప్పుడే బోటు దిగి, ఒంటి మీద ఉప్పు కూడా కడుక్కోని ముత్యాలరావు బావ. పక్క వీధి నుంచి పిలిపించిన వాతల లక్ష్మమ్మ. బయట గొళ్ళెం పెట్టిన లోపలి గదిలో మా అక్క గంగరత్నం. అత్త ఒళ్లో డెబ్బై రోజుల పిల్లాడు. వాడికి ఇంకా పేరు పెట్టలేదు, బుల్లోడు అనే పిలుస్తున్నాం. ఏడో మనిషిని నేను.

అది డెబ్బై మూడో సంవత్సరం, రోహిణి కార్తె. నాకు పదిహేనేళ్లు. ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి, అక్క పురిటికి సాయంగా వచ్చి అక్కడే ఉండిపోయాను. మా అమ్మ లేదు. నాన్న వేరే పాలెంలో ఉంటాడు, ఎప్పుడూ సముద్రం మీదే. అందుకే అక్క పురుడు అత్తగారింట్లోనే పోశారు.

ఇల్లు నిజాంపట్నం రేవుకి తూర్పు పక్క పాలెంలో ఉంది. మట్టి గోడలు, తాటాకు కప్పు. లోపలి గది తలుపు మాత్రం చాలా గట్టిది. మామ నడుము పడిపోక ముందు నడిపిన నావ విరిగిపోతే, ఆ చెక్కలతో చేయించాడు. ఆ తలుపునే అక్క లోపలి నుంచి భుజంతో గుద్దుతోంది. గుద్దినప్పుడల్లా గొళ్ళెం ఎగిరి పడుతోంది.

"నా బిడ్డని నాకియ్యండి. ఆకలికి గొంతు ఎండిపోతంది ఆడికి."

"కొట్టుకోనీ. భుజం వాస్తే అదే ఊరుకుంటది," అన్నాడు బావ. అతని చేతిలో ఇంకా తెడ్డు కర్ర ఉంది.

అంతకు గంట ముందు పెరట్లో, ఎండుచేపల బుట్టల వెనక, అక్క బుల్లోడికి పాలిస్తూ బావ కంట పడింది. నేను దడి దగ్గర కాపలా ఉన్నాను. రోజూ ఉండేదాన్నే. బోటు సాయంత్రానికి గాని రాదనుకున్నాం. ఇంజను చెడి అది మధ్యాహ్నానికే తిరిగొచ్చింది. బావ సరుగుడు చెట్ల సందులోంచి రావడం నేను చూశాను. "అక్కా" అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. నా నోరు పెగల్లేదు. దడి కర్రని పట్టుకుని నిలబడిపోయాను.

అతను అక్కని జుట్టు పట్టి లేపాడు. బుల్లోడి నోరు రొమ్ము నుంచి ఊడిపోయింది. పాలు వాడి కళ్లలోకి చిమ్మాయి. వాడు పడిపోకుండా నేను వెళ్లి పట్టుకున్నాను. అంతవరకే చేయగలిగాను. బావ తెడ్డు కర్రతో అక్క పిక్కల మీద కొట్టాడు, అక్క కూలబడితే వీపు మీద కొట్టాడు. ఒక దెబ్బ తప్పి బుట్టకి తగిలి, ఎండు సావిళ్లు ఇసకలో చెల్లాచెదురయ్యాయి.

"విషం పోస్తన్నావా నా కొడుక్కి? ఒకణ్ణి తిన్నావు. చాల్లేదటే?"

అతను కొట్టినంతసేపూ ఏడుస్తూనే కొట్టాడు. అది కూడా రాయాలి. కొడుకు చచ్చిపోతాడని అతనికి నిజంగా భయం.

మొదటి పిల్లాడు నాలుగు నెలలు బతికి పోయాడు. బాపట్లలో ఒకాయన తాయెత్తు కడతాడని తీసుకెళ్లారు. తాయెత్తు కట్టించుకుని వస్తుంటే బస్సులోనే ప్రాణం పోయింది. దింపేస్తారేమోనని అక్క, ఊరు వచ్చేదాకా వాడికి జోల పాడుతున్నట్టు నటించిందట. వాడూ విరేచనాలతోనే పోయాడు. తల్లి పాలు పడలేదని అందరూ అన్నారు.

అందుకని ఈసారి పరీక్ష పెట్టారు. బుల్లోడు పుట్టాక మూడు రోజులు అక్క ముర్రుపాలని పిండించి ఇసకలో పారబోయించింది అత్త. పచ్చగా చిక్కగా ఉంటాయని, చీము లాంటివని, ఈ పాలెంలో ఎవరూ బిడ్డకి పట్టరు. ఆ మూడు రోజులూ వాడికి ఆముదం నాకించి, గుడ్డ పీలికతో బెల్లం నీళ్లు పట్టారు. నాలుగో రోజు లక్ష్మమ్మ వచ్చి ఇత్తడి గరిటెలో అక్క పాలు పిండించి, అందులో ఒక గండుచీమని వేసింది. చీమ ఈదితే పాలు మంచివి. చస్తే విషం. మేమంతా గరిటె మీదికి వంగి చూశాం. చీమ కాళ్లు కాసేపు ఆడాయి, ఆగిపోయాయి.

బావ అప్పుడే తెనాలి బస్సెక్కాడు. బోటు యజమాని బసవేశ్వరరావు గారి ఇల్లు తెనాలిలో. ఆయన మనవడు డబ్బాపాలు తాగి బూరెలా ఉంటాడని బావ కళ్లారా చూశాడు. రెండు డబ్బాలు, ఒక సీసా, దాని మూతికి తొడిగే రబ్బరు తెచ్చి అత్త చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి బుల్లోడు అత్త పక్కలోనే. అక్కకి పాలు పొంగి జాకెట్టు తడిసిపోయేది. రోజుకి ఒకటి రెండు సార్లు, నీళ్లకనో కట్టెలకనో వంక పెట్టి, వాణ్ణి నా చేత బుట్టల వెనక్కి తెప్పించుకునేది.

అత్త చెడ్డదని నేను అనను. ఐదుగుర్ని కని నలుగుర్ని పూడ్చిపెట్టిన మనిషి. డబ్బాపాలు వేడి చేస్తాయని సీసాడు నీళ్లలో ఒక్క చెంచా పొడే కలిపేది. నీళ్లు ఇసకలో తవ్విన చెలమవి. బుల్లోడు తాగగా మిగిలినవి పారేయకుండా సీసాని చూరుకి వేలాడదీసి, వాడు మళ్లీ ఏడిస్తే అవే పట్టేది. రబ్బరుని కొంగుతో తుడిచేది. ఇదంతా ప్రేమగానే చేసేది.

నెల తిరిగేసరికి వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆకుపచ్చగా, నీళ్లలా. మాడు గుంట పడిపోయింది. పొట్ట చర్మాన్ని పట్టుకుని వదిలితే గుడారం గుడ్డలా అలాగే నిలబడేది. గడిచిన సోమవారం బావ సముద్రం మీద, అత్త చేపల వేలంపాట దగ్గర ఉండగా అక్క వాణ్ణి గుడ్డలో చుట్టి నా చెయ్యి పట్టుకుంది. రేపల్లె ఆసుపత్రికి వెళ్లాం.

అక్కడ ఆశీర్వాదమ్మ అని ఒక పెద్ద నర్సు ఉంది. నెరిసిన జుట్టు, గట్టి గొంతు. సీసా చేతిలోకి తీసుకుని వాసన చూసి కిటికీలోంచి బయటికి విసిరేసింది. అది గోడకి తగిలి పగిలింది.

"ఏంటమ్మా అలా చూస్తావు? నీ పిల్లాణ్ణి చంపేదాన్ని విసిరేశాను. పాలున్నాయా నీకు?"

"ఉన్నాయండి. కానీ విషమంటన్నారండి," అంది అక్క.

"ఎవరు చెప్పారు?"

"చీమ చచ్చిపోయిందండి."

ఆవిడ నవ్వలేదు. అక్కని మంచం మీద కూర్చోబెట్టి బిడ్డని రొమ్ముకి అదిమిపెట్టింది. మధ్యమధ్య కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు, పంచదార వేసి చెంచాతో పట్టమంది. బుల్లోడికి మొదట చప్పరించే బలం కూడా లేదు. ఆవిడే పాలు పిండి, చుక్కచుక్కగా వాడి నోట్లో వేసింది. రెండో రోజుకి వాడు ఉచ్చ పోశాడు. దానికి అక్క నవ్వి, వెంటనే ఏడ్చింది. మూడో రోజుకి విరేచనాలు సగానికి తగ్గాయి.

బయల్దేరే ముందు ఆశీర్వాదమ్మ గారు నన్ను పక్కకి పిలిచింది.

"నువ్వు చదువుకున్నదానివి. ఇంట్లో వాళ్లకి నువ్వు చెప్పాలి. మీ ఇంట్లో తరవాణి కుండ ఉందా?"

తలూపాను. తరవాణి అంటే, బియ్యం కడిగిన నీళ్లూ వార్చిన గంజీ పోసి పులియబెట్టేది. మా వాళ్లంతా పొద్దున్నే అందులో అన్నం వేసుకుని తిని వేటకి వెళతారు.

"కుండంతా ఖాళీ చేసి కడిగేస్తారా రోజూ?"

తల అడ్డంగా ఊపాను.

"ఎందుకు కడగరు? అడుగున పాత పులుపు ఉంటేనే కొత్త గంజి పులుస్తుంది కాబట్టి. అది కంటికి కనిపించని క్రిముల పని. మంచి క్రిములు. బిడ్డ కడుపు కూడా అలాంటిదే. పుట్టినప్పుడు కొత్త కుండ. ముందు ఏం పోస్తే అదే అందులో పెరుగుతుంది. తల్లి మొదటి పాలతో మంచివి నిలదొక్కుకుంటాయి. మీరు వాటిని ఇసకలో పారబోసి చెలమ నీళ్లు పోశారు. ఇక మురికిలో క్రిములకి అడ్డేముంది? కడుపు కుళ్లిపోదా? అయినా మించిపోలేదు. రొమ్ము మానిపించకండి. ఇంకేమీ పట్టకండి. చెబుతావా?"

"చెబుతానండి," అన్నాను. ఆవిడకి వినపడిందో లేదో.

గురువారం ఇల్లు చేరేసరికి బావ వచ్చి ఉన్నాడు. అడక్కుండా వెళ్లినందుకు వసారాలోనే అక్క చెంప మీద కొట్టాడు. అక్క నర్సు చెప్పిందంతా చెప్పింది. తన పాలు మంచివేనంది. బావ నమ్మలేదు.

"ఇది తనకి కావాల్సినట్టు చెప్పుద్ది. నాంచారీ, నువ్వు చెప్పు. నువ్వు అబద్ధమాడవు. ఆవిడ నిజంగా అంత మాట అందా?"

అందరూ నా వైపు తిరిగారు. నాకు బళ్లో కూడా ఇంతే. జవాబు తెలిసినా లేచి నిలబడితే నాలుక అంటుకుపోతుంది. అందుకే నాకు చెప్పాలనిపించినవన్నీ నోటుబుక్కులో రాసుకుంటాను. ఆ రోజు నోట్లో మాటలన్నీ ఉన్నాయి. తరవాణి కుండ ఎదురుగానే ఉంది. నేను కాలి బొటనవేలితో నేల గీస్తూ ఉండిపోయాను. అత్త ఒకటి, రెండు, మూడు సార్లు అడిగింది.

"చూశావా?" అన్నాడు బావ అక్కతో. "అది నోరెత్తలేదు. నువ్వు కల్పించావని దానికి తెలుసు."

అక్క నన్ను ఏమీ అనలేదు. అందుకే నాకు ఇంకా బాధ. బావ కొత్త సీసా తెప్పించాడు. మూడు రోజుల్లో వాడి మాడు మళ్లీ గుంట పడింది.

ఇప్పుడిక ఆదివారం. పెరట్లో కొట్టాక బావ అక్కని ఈడ్చుకొచ్చి లోపల పడేస్తే, అత్త రెండు మూరల మల్లెపూలు తెచ్చి ఆమె రొమ్ముల మీద పరిచి, పాత పంచె చింపి వెనక ముడి వేసింది. మల్లెలు కడితే పాలు ఎండిపోతాయి. ముడి వెయ్యనివ్వకుండా అక్క పెనుగులాడితే బావ మోకాలు అడ్డం పెట్టి పట్టుకున్నాడు. ఆ తర్వాతే బయట గొళ్ళెం పడింది.

లక్ష్మమ్మ బుల్లోడి పొట్ట మీద వేళ్లతో కొట్టి చూసింది. డప్పులా మోగింది.

"గాలి చేరింది, సుబ్బాయమ్మా. దొంగపాలు పడ్డాయి గదా. బొడ్డు చుట్టూ నాలుగు చురకలు పెడితే గాలి దిగుద్ది. కాళ్లు పట్టుకో."

"తట్టుకుంటాడా ఈడు?" అంది అత్త. "ఏడవడానికి కూడా ఓపిక లేదు."

"మీ ముత్యాలుకి పెట్టలేదా? బతకలేదా? ఈ రోజున నిన్నే ఎదిరించి మాట్లాడతన్నాడు."

మామ వసారాలోంచి, "పెద్ద గొప్పగా చెప్పావులే. వాడి నలుగురు అన్నదమ్ములకీ నువ్వే పెట్టావు," అన్నాడు.

"నువ్వు వల కుట్టుకో, పేరయ్యా. ఆడోళ్ల మాటల్లోకి రాకు."

మామ సూది వలలోకి గుచ్చాడు.

లక్ష్మమ్మ పసుపుకొమ్ముని ఆముదంలో ముంచి దీపం సెగకి పెట్టింది. చివర ఎర్రగా రాజుకుంది. నేను ఇత్తడి గరిటె, సీసా పట్టుకుని పెరట్లోకి పరుగెత్తాను. నెల రోజుల కింద నేను ఒంటరిగా చేసి చూసిన పని ఒకటుంది, అదే మళ్లీ చేశాను. గరిటెలో సీసాలోని డబ్బాపాలు పోసి, చింత మొద్దు మీద నుంచి గండుచీమని పట్టి అందులో వేశాను. గరిటెని లోపలికి తెచ్చి లక్ష్మమ్మ ముందు పెట్టాను. చీమ కాళ్లు ఆడించి ఆగిపోయింది.

"ఏంటే ఇది?"

నేను డబ్బా వైపు వేలు చూపించాను.

లక్ష్మమ్మకి అర్థమైంది. ఆమె కళ్లల్లో కనిపించింది. అయినా మోచేత్తో గరిటెని నెట్టేసింది. "నీ ఎంగిలి చెయ్యి తగిలి చచ్చింది. పక్కకి తప్పుకో."

నేను తప్పుకోలేదు. బావ నా రెక్క పట్టుకుని గోడకేసి విసిరాడు. నా నుదురు రోకలికి తగిలింది. కంట్లోకి వెచ్చగా ఏదో దిగింది. అదే సమయంలో లక్ష్మమ్మ మొదటి చురక పెట్టింది.

చర్మం కాలిన వాసన వచ్చింది. బుల్లోడు నోరు తెరిచాడు గాని చాలాసేపు శబ్దం రాలేదు. వచ్చాక అది పిల్లాడి ఏడుపులా లేదు. లోపల అక్క తలుపు గుద్దడం ఆపేసి, తలుపు చెక్కల్ని గోళ్లతో గీకడం మొదలుపెట్టింది.

"ఒకటి," అంది లక్ష్మమ్మ. కొమ్ముని మళ్లీ సెగకి పెట్టింది. అత్త కళ్లు మూసుకుని వాడి కాళ్లు పట్టుకుని ఉంది.

రెండోది కూడా పెట్టింది.

పొయ్యి పక్కన చుట్టకుదురు మీద తరవాణి కుండ ఉంది. అది అత్త పుట్టిల్లు బాపట్ల దగ్గర సూర్యలంక నుంచి వచ్చింది. ముప్పై రెండేళ్ల కింద పెళ్లైన మర్నాడు, అడుగున రెండు దోసిళ్ల తరవాణితో వాళ్లమ్మ ఇస్తే, అత్త దాన్ని నెత్తిన పెట్టుకుని, ఒడ్డు వెంట కొంత దూరం నడిచి, కొంత దూరం నావలో వచ్చిందట. అరవై తొమ్మిది తుపానులో అందరూ వలలు, కోళ్లు మోసుకుపోతే అత్త కుండ మోసుకుని గట్టెక్కింది. దాని అడుగు ఇంతవరకూ ఎవరూ కడగలేదు. అక్కని కూడా ముట్టుకోనివ్వదు. పాలెంలో కొత్త కుండ పెట్టుకునే వాళ్లు అత్త దగ్గరికొచ్చి ఒక గ్లాసు అడిగి పట్టుకెళతారు.

నేను లేచి ఆ కుండని రెండు చేతులతో ఎత్తాను. బరువుగా ఉంది. పుల్లటి వాసన మొహానికి కొట్టింది. అత్త కళ్లు తెరిచింది.

"నాంచారీ. కింద పెట్టు."

గడప మీద వేసి కొట్టాను.

పెంకులు వసారా దాకా ఎగిరాయి. తెల్లటి నీళ్లు గడప దాటి, మామ వల మీదుగా పారి, వాకిట్లో ఇసకలోకి ఇంకిపోయాయి. లక్ష్మమ్మ చేతిలో కొమ్ము పొగలు కక్కుతోంది. తర్వాత అత్త బుల్లోణ్ణి చాప మీద వేసి నా మీదికి వచ్చింది.

ఆమె నా జడ పట్టి కింద పడేసి, చేతికందిన తెడ్డు గరిటెతో కొట్టింది. భుజం మీద, చెవి మీద, అడ్డం పెట్టిన వేళ్ల మీద. నా చిటికెన వేలు విరిగిన శబ్దం నాకే వినపడింది. ఆమె ఏదేదో తిడుతోంది. మా అమ్మని, మా వంశాన్ని, నేను పుట్టిన గడియని. ఆ దెబ్బల మధ్యే నా నోరు తెరుచుకుంది. అప్పటిదాకా పెగలనిది అప్పుడెలా పెగిలిందో నాకు ఇప్పటికీ తెలీదు.

"కొత్త కుండ తెచ్చుకో అత్తా. గంజి పొయ్యి. రేపటికి తరవాణి అవుద్ది."

"ఎట్టా అవుద్దే? ఎట్టా అవుద్ది?" కొడుతూనే ఉంది. "పాత పులుపు లేకుండా ఎట్టా అవుద్ది? కుళ్లి కంపు కొట్టుద్ది. పురుగులు పడతాయి."

"మరి బుల్లోడి కడుపులో ఏం పడింది? కొత్త కుండే గదా అది. మొదటి పాలు మూడు రోజులు ఇసకలోకి నువ్వే పిండించావు. చెలమ నీళ్లు నువ్వే పోశావు. రేపల్లె నర్సమ్మ చెప్పింది ఇదే. గురువారం నువ్వు మూడుసార్లు అడిగావు. నేనే చెప్పలేకపోయాను. అక్క అబద్ధం చెప్పలేదు. ఆసుపత్రిలో అక్క దగ్గర తాగిన మూడు రోజులూ ఈడు బాగున్నాడు. చీమ ఏ పాలల్లో వేసినా చస్తది, అత్తా. మునిగి చస్తది."

గరిటె నా మీదికి లేచి అలాగే ఆగింది.

అత్త గడప వైపు చూసింది. తడి ఇసక అప్పటికే ఎండకి తెల్లబడుతోంది. పెంకు ఒకటి వెల్లకిలా పడి ఉంది, దాని గుంటలో ఒక గుక్కెడు తరవాణి మిగిలింది. ఆమె చాలాసేపు దాన్నే చూసింది. పెదాలు కదిలాయి. పూడ్చిపెట్టిన నలుగురి పేర్లు ఒక్కొక్కటిగా అనుకుంటోందని దగ్గరగా ఉన్న నాకు మాత్రమే తెలిసింది. ఆ నలుగురి ముర్రుపాలు కూడా ఆమె ఇసకలోనే పారబోసి ఉంటుంది.

"సుబ్బాయమ్మా, ఇంకా రెండు ఉన్నాయి," అంది లక్ష్మమ్మ, కొమ్ముని మళ్లీ రాజేసి. "చల్లారిపోద్ది, రా."

అత్త వెళ్లి ఆమె చేతిలోంచి పసుపుకొమ్ము లాక్కుంది. ఇంకో చేత్తో బుల్లోణ్ణి ఎత్తుకుంది. లోపలి గది వైపు నడిచింది. బావ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏం చేస్తన్నావే అమ్మా? అది మళ్లీ పాలిచ్చుద్ది."

"ఇవ్వడానికే. తప్పుకో."

"చచ్చిపోతాడే."

"ఇప్పుడు నా చేతిలోనే చస్తన్నాడు. తప్పుకోరా."

అతను తప్పుకోలేదు. తెడ్డు కర్ర అడ్డం పెట్టాడు. అత్త పసుపుకొమ్ము ఎర్రటి కొసని అతని మోచేతి కింద మెత్తటి చోట పెట్టి, అలాగే అదిమి ఉంచింది. బావ కెవ్వుమని కర్ర వదిలేశాడు.

"ఎట్టా ఉంది?" అంది అత్త. "నీకు ఇరవై ఆరేళ్లు. ఆడికి డెబ్బై రోజులు."

కొమ్ముని నేలకేసి కొట్టి కాలితో నలిపింది. ఆమె కాలు కూడా కాలింది, గమనించుకోలేదు. లక్ష్మమ్మ తన నూనె గిన్నె తీసుకుని వసారా దిగిపోయింది. మామ వల పక్కకి జరిపి ఆమెకి దారిచ్చాడు.

అత్త గొళ్ళెం తీసింది. అక్క తలుపుని ఆనుకుని ఉందేమో, ముందుకి పడిపోబోయింది. గోళ్ల చివర్ల నెత్తురు, పెదవి చిట్లి ఉంది. చేతులు చాచింది. అత్త బిడ్డని ఇవ్వకుండా ముందు ఆమెని వెనక్కి తిప్పింది. పంచె ముడిని పళ్లతో లాగి తెంపింది. వాడిపోయిన మల్లెలు నేల మీద రాలాయి. అప్పుడు అక్కని గోడకి ఆనించి కూర్చోబెట్టి, బుల్లోణ్ణి ఒళ్లో వేసి, వాడి తలని తన అరచేత్తోనే రొమ్ముకి అదిమింది.

"పాలు ఎండిపోయాయేమో అత్తా," అంది అక్క.

"నోరు మూసుకుని పట్టు. ఎండవు. పీలిస్తే వస్తాయి."

బుల్లోడు మొహం తిప్పుకున్నాడు. పొట్ట మీద రెండు చురకలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. అత్త వేలితో వాడి గడ్డం నొక్కి నోరు తెరిపించింది. మళ్లీ తిప్పుకున్నాడు. మళ్లీ తెరిపించింది. మూడోసారి వాడి దవడ కదిలింది. ఒకసారి. ఆగి, ఇంకోసారి. అక్క తల వెనక్కి గోడకి వాల్చి కళ్లు మూసుకుంది.

నేను గుమ్మం దాకా వెళ్లాను. నుదుటి నెత్తురు గడ్డం దాకా కారి పరికిణీ మీద పడుతోంది. విరిగిన వేలిని ఇంకో చేత్తో పట్టుకున్నాను. అక్క పక్కన కూర్చోవాలనిపించింది. వాడు గుటక వేస్తే చూడాలనిపించింది.

అత్త లేచి గుమ్మానికి వచ్చింది. ఆమె మొహం నాకు అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. తరవాణి తడిసిన చీర కుచ్చిళ్లు కాళ్లకి అంటుకుని ఉన్నాయి.

"నువ్వు చెప్పింది నిజమే కావచ్చు," అంది. "మా అమ్మ చేతి కుండ అది. మీ నాన్న దగ్గరికి పో. మళ్లీ ఈ గడప తొక్కమాకు."

"ఒక్కసారి చూసి పోతాను అత్తా," అన్నాను. ఈసారి నా గొంతు బాగానే వినపడింది.

ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, తోయకుండా, ఒక అడుగు వెనక్కి జరిపింది. లోపలి నుంచి తలుపు వేసుకుంది.